రాజుకు ఒక దుంకు

మ్యూజియంలో చదరంగం పోటీలు పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, ఆ మహానుభావుడు ఆ హాల్లో ఒక్క పూటైనా కూర్చుని ఉండడని నా గట్టి నమ్మకం. ఎర్రమంజిల్‌లో సర్కారు ఆఫీసుల వెనక సందులో ఉన్న చిన్న మ్యూజియం అది. ఒకప్పుడు ఊళ్లో జనం వాడిన వస్తువులు గాజు పెట్టెల్లో పెట్టారు. తూకం రాళ్లు, రేడియోలు, టైపు మిషన్లు, అలాంటివి. చూడడానికి వచ్చేవాళ్లు తక్కువ. చదరంగం పెడితే పిల్లల వెంట తల్లిదండ్రులు వస్తారు, వచ్చినవాళ్లు ఎలాగూ నాలుగు వస్తువులు చూసి పోతారు అనుకున్నారు. తల్లిదండ్రులు వచ్చిన మాట నిజమే. వరండాలో కిటికీ అద్దానికి ముక్కు ఆనించి తమ పిల్లల బల్ల తప్ప ఇంకేమీ చూడలేదు.

నేను ఆ పోటీల్లో ఆర్బిటర్‌ని. క్రికెట్‌లో అంపైర్ ఎలాగో చదరంగంలో మేము అలాగ. వారమంతా పంజాగుట్టలో ఒక ఆస్పత్రి బిల్లుల కౌంటర్లో కూర్చుంటాను, ఆదివారాలు బల్లల మధ్య తిరుగుతాను. మ్యూజియం వాళ్లు ఒక షరతు పెట్టారు. గాజు పెట్టెలున్న హాలు కాబట్టి రౌండు మొదలుకాగానే గ్రిల్లుకు బయటినుంచి తాళం వేస్తారు, రౌండులో ఆఖరి ఆట ముగిశాకే తీస్తారు. ఫోన్లన్నీ బుట్టలో పెట్టాలి. కిటికీలు తెరవకూడదు. నాకైతే మొదటి ఆదివారమే ఊపిరాడలేదు. ఆ తాళం పడిన చప్పుడు విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. అలాంటి చోటికి మా నాయినను నేనే చేయి పట్టి తీసుకెళ్లాను.

మా నాయిన ముప్ఫై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరు. రోజూ ఊరంతా తిరిగిన మనిషి. అమ్మ పోయాక రెండేళ్లుగా అమీర్‌పేటలో మా మూడో అంతస్తు ఇంట్లోంచి కిందికి దిగలేదు. లిఫ్టు లేదు, మోకాళ్లు నొప్పి అని సాకు. డాక్టరు చూసి మోకాళ్లకేమీ కాలేదు, నడిపించండి అన్నాడు. మా బాల్కనీకి ఎదురుగా, చేయి చాపితే అందేంత దూరంలో, హాస్టల్ గోడ. దాని మీద కంప్యూటర్ కోర్సుల బోర్డు. పొద్దస్తమానం ఆ బోర్డు చూస్తూ కూర్చునేవాడు. బతిమాలాను, కసిరాను, కిందికి దిగకపోతే అన్నం వండనని కూడా బెదిరించాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఈ మనిషి ఇక గడప దాటడని నాకు భయం పట్టుకుంది.

ఆయనకు మిగిలింది చదరంగం ఒక్కటే. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బల్ల మీద పావులు సిద్ధంగా ఉండేవి. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆట నేర్పింది ఆయనే. ఆయనకు బస్సు డిపోలో, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య, డ్రైవర్లు నేర్పారు. వాళ్ల ఆటలో ఒక పద్ధతి ఉండేది. అప్పటిదాకా ఒక్కసారి కూడా చెక్ పడని రాజు, ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. "రాజుకు ఒక దుంకు ఉంటది బిడ్డా, యాది పెట్టుకో" అని నేర్పాడు. హైస్కూల్లో పోటీలకు వెళ్లినప్పుడు అసలు ఆటలో ఆ దుంకు లేదని తెలిసింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు. మొదట భయం, తర్వాత మొహమాటం, ఆ తర్వాత అలవాటైపోయింది. ఆర్బిటర్ పరీక్ష పాసయ్యాక కూడా ఇంట్లో ఆయన రాజు దూకుతూనే ఉన్నాడు, నేను "అబ్బ, మళ్ల తప్పించుకున్నవ్" అని నెత్తి కొట్టుకుంటూనే ఉన్నాను. ఆయన మురిసిపోయేవాడు. నాకు కావలసింది ఆ మురిపెమే.

మ్యూజియం పోటీకి వయసు పట్టింపు లేదని తెలిసి ఆయన పేరు రాయించాను. ససేమిరా రానన్నాడు. కండక్టర్ల టికెట్ల డబ్బా కూడా అక్కడ అద్దాల పెట్టెలో పెట్టారని చెప్పాను. అది పనిచేసింది. మూడు అంతస్తులు దిగడానికి పావుగంట పట్టింది. మెట్రోలో రెండు స్టేషన్లే దూరం. దారిలో రూల్సు చెప్పాను. ముట్టుకున్న పావునే ఆడాలి, ఎత్తు వేశాక గడియారం నొక్కాలి, మాట్లాడకూడదు. దుంకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కిటికీలోంచి పంజాగుట్ట చౌరస్తా చూస్తూ, ఏ బస్సు ఎక్కడ ఆగేదో నాకు చెబుతున్నాడు. రెండేళ్ల తర్వాత ఆ మొహంలో వెలుగు చూస్తున్నాను. ఇప్పుడెందుకులే, ఆట అంతదూరం రాదులే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

మొదటి రౌండు గెలిచాడు. దుంకు అవసరమే రాలేదు. విరామంలో టికెట్ల డబ్బా ముందు నిలబడి, దాన్ని ఏ చేత్తో పట్టుకుని ఏ చేత్తో టికెట్ చింపేవాడో వాచ్‌మన్‌కు చూపించాడు. నన్ను సుత ఇందులనే పెట్టుండ్రి అని నవ్వించాడు. నేను దగ్గరికి వెళితే మెల్లగా అడిగాడు.

"వచ్చే ఆదివారం సుత ఉంటదా బిడ్డా?"

ఉంటుంది నాయినా, రెండు మూడు నెలల దాకా ప్రతి ఆదివారం ఉంటుంది అన్నాను. ఏడుపొచ్చినంత పనైంది.

రెండో రౌండు మొదలైంది, తాళం పడింది. మేము ఇద్దరం ఆర్బిటర్లం. సొంత మనిషి కాబట్టి నాయిన బల్ల నా వైపు లేకుండా చూసుకున్నాను. ఎదురుగా కూర్చున్నది కోస్తా నుంచి కోచింగ్‌కు వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న యువకుడు. గంట గడిచాక ఆ బల్ల దగ్గర చెయ్యి లేచింది. రెండో ఆర్బిటర్ హాలు ఆ చివర ఎవరిదో మొరాయించిన గడియారంతో తంటాలు పడుతున్నాడు. వెళ్లక తప్పలేదు.

"మేడమ్, బాబాయ్ గారు రాజును గుర్రంలా వేశారండీ" అన్నాడు ఆ అబ్బాయి, తానే తప్పు చేసినట్టు గొంతు తగ్గించి.

నాయిన నావైపు చూసి నవ్వుతున్నాడు. "దుంకు ఉంటదని చెప్పు బిడ్డా, పాపం పిలగానికి ఎర్కలేదు."

గడియారం ఆపాను. రాజును వెనక్కి, ఆఖరి వరుసలో దాని గడిలో పెట్టాను. రాజు ముందు మూడు బంట్లు గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. అవతలి ఏనుగు ఆ వరుసలోకి దిగడానికి కాచుకుని ఉంది. బంటు ఒకదాన్ని ఒక్క గడి జరిపితే చాలు, రాజుకు దారి దొరికేది. కానీ ముట్టుకున్నది రాజును. రాజు వెళ్లగలిగింది మూల గడి ఒక్కటే. అక్కడికి వెళితే తర్వాతి ఎత్తుకే ఆట కట్టు.

ఆ అబ్బాయికీ అది కనిపించింది. "పర్లేదు మేడమ్, ఇంకో పావు ఆడనివ్వండి, నేనేం అనుకోను" అన్నాడు. ఆ మాట పట్టుకుని వేలాడాలనిపించింది. అయితే ఆ పొద్దునే, ఇదే హాల్లో, మంత్రిని ముట్టుకుని వదిలేసిన ఒక చిన్నపిల్ల చేత అదే మంత్రిని ఆడించాను. ఆ పిల్ల ఏడ్చుకుంటూ ఆడింది. ఇప్పుడు రెండు బల్లల అవతల కూర్చుని నావైపే చూస్తోంది.

"ఆ ఎత్తు చెల్లదు. రాజును ముట్టుకున్నారు కాబట్టి రాజునే ఆడాలి" అన్నాను. మా నాయినను మీరు అని పిలవడం నా జన్మలో అదే మొదటిసారి.

ఆయన నవ్వు పోయింది. "గీ రూలు ఎప్పటి సంది?"

"మొదటి నుంచీ ఇంతే."

"మరి ఇంట్ల?"

గడియారం సరిచేయడానికి చేయి చాపాను. ఆయన ముందుకు వంగాడు. ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"గిన్నేండ్లు నన్ను ఊకనే గెలిపించినవా?"

ఆట నడుస్తుండగా ఆర్బిటర్ ఆటగాడితో ముచ్చట్లు పెట్టకూడదు. ఆ రూలు చాటున దాక్కున్నాను. చెల్లని ఎత్తుకు శిక్షగా ఎదుటివాడి గడియారానికి రెండు నిమిషాలు కలిపాను. నాయిన రాజును మూలకు జరిపాడు, గడియారం నొక్కాడు, ఏనుగు దిగింది, ఆయన లేచి ఆ అబ్బాయితో చేయి కలిపాడు. అన్నీ నేను చెప్పిన రూల్సు ప్రకారమే చేశాడు.

రౌండు ముగియడానికి ఇంకా నలభై నిమిషాలు ఉంది. గ్రిల్లు తెరవరు. ఆయన టికెట్ల డబ్బా పక్కన కుర్చీలో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను బల్లల మధ్య తిరగాలి, మాట్లాడకూడదు. ఆ నలభై నిమిషాల్లో ఎన్నిసార్లు ఆ వీపు దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చానో నాకే తెలియదు. తాళాన్ని, మ్యూజియాన్ని, నన్ను నేను, అందర్నీ తిట్టుకున్నాను.

మూడు రోజులు ఆయన చదరంగం బోర్డు తీయలేదు. నాలుగో రోజు సాయంత్రం పావులు పేర్చి నన్ను పిలిచాడు. "ఇప్పటి సంది నిజం ఆట ఆడు. నీ మీద ఒక్కటంటే ఒక్క ఆట నిజంగ గెలిస్తే మ్యూజియంకు వస్త. అప్పటిదాంక నన్ను అడగొద్దు."

నిజంగానే ఆడాను. ఇంకోసారి ఆయన్ని మోసం చేసే ధైర్యం నాకు లేదు. రోజూ ఓడిపోయేవాడు. రాజు ఇరుక్కున్నప్పుడు వేళ్లు గుర్రం దారిలో గాల్లోకి లేచి, గుర్తొచ్చి ఆగిపోయేవి. ఒకసారి తట్టుకోలేక "దుంకు నాయినా, ఇల్లే కదా" అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

ఆరో వారంలో, గురువారం సాయంత్రం, గెలిచాడు. గుర్రంతో ఒకే దెబ్బకు నా రాజుకు చెక్ చెప్పి, నా మంత్రినీ పట్టేశాడు. నాకు అది రెండు ఎత్తుల ముందు కూడా కనిపించలేదు. మంత్రి పోయాక కూడా గంటసేపు పెనుగులాడాను, వల్ల కాలేదు. సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాను.

"గెలిచినవ్ నాయినా. ఆదివారం పోదాం."

ఆయన బోర్డు వైపు చూడలేదు. నా మొహం చూశాడు. టికెట్ తీసుకున్నానని చెప్పే ప్రయాణికుడి మొహం చూసినట్టు, చాలాసేపు చూశాడు. అమ్మ మీద ఒట్టు, నిజంగా ఓడిపోయాను అన్నాను. ఆట మొదటి ఎత్తు నుంచి మళ్లీ వేసి చూపిస్తానన్నాను. ఆయన అప్పటికే పావులు డబ్బాలో వేస్తున్నాడు.

"మస్తు ఆడినవ్ బిడ్డా" అన్నాడు. "ఈసారి ఎక్కడ వదిలినవో సుత దొరకలేదు."

ఆదివారం పొద్దున నేనొక్కదాన్నే మెట్లు దిగాను.