తీర్పు రాని సగం బానెట్టు

మా వీధి కాక శుక్రవారం పొద్దున నిద్రలోనే పోయారు. వార్త విని వీధంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఆదివారం తీర్పు పెట్టుకుని శుక్రవారం ఎలా పోతారని కొంచెం కోపం కూడా తెచ్చుకున్నాను. తేలని సంగతిని వదిలేసి లేచి వెళ్లే మనిషి కాదాయన.

ఆ సంగతేమిటో పాఠకులకు ముందే మనవి చేసుకోవాలి. కారుకు పేస్టు వ్యాక్సు మంచిదా, లిక్విడ్ వ్యాక్సు మంచిదా? నవ్వేవాళ్లు నవ్వవచ్చు. వాళ్లు గోదావరిఖనిలో ఉండరని అర్థం. ఇక్కడ ఓపెన్ కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు సైరన్ మోగిన పావుగంటకు బొగ్గు దుమ్ము వచ్చి, ఆరేసిన బట్టల మీద, మూతలేని బిందెల మీద, పేదాగొప్పా చూడకుండా పడుతుంది. తెల్ల చొక్కా వేసుకోవడానికే గుండెధైర్యం కావాలి. కారు కొనడానికి ఇంకొంచెం ఎక్కువ కావాలి.

కాకకు అది ఉంది. బతుకంతా భూమి లోపల షాట్‌ఫైరర్‌గా చేశారు. బొగ్గు పొరకు బెజ్జాలు వేయించి, మందు కూరి, అందరినీ దూరం పంపి పేల్చే పని అది. ఎడమ చేతి ఉంగరపు వేలు సగమే ఉండేది. మిగతా సగం ఏమైందని ఎవరైనా అడిగితే, "నేను రిటైరైన గానీ, అది ఇంకా లోపల డ్యూటీల్నే ఉన్నది" అనేవారు.

రిటైరయ్యాక పాత కారొకటి కొన్నారు, మెరూన్ రంగుది. నడిపింది తక్కువ, తుడిచింది ఎక్కువ. ఆయన భార్యను మేం చిన్నమ్మ అంటాం. ఆమె గడపలో కూచుని బియ్యం ఏరుతూ, "ఇన్నేండ్ల కాపురంల నా మొకం దిక్కు గింతసేపు చూసినవా ఎన్నడన్న?" అనేది.

"నీ మీద దుమ్ము పడనిచ్చిన్నా?" అనేవారు కాక, చేతిలో గుడ్డ ఆపకుండా.

ఒక ఆదివారం ఆయన పేస్టు డబ్బా మూత తీస్తుండగా నేను వెళ్లడమే తప్పయింది. బీయస్సీ చదివినవాడికి ఉండే జబ్బు కొద్దీ, "కాకా, గిది పాత పద్ధతి. లిక్విడ్ అయితే పది నిమిషాల్ల పనైపోతది. నీ పేస్టు సందుల్ల ఇరుకుతది, దాని మీద బొగ్గు పట్టి బండికి కాటుక పెట్టినట్టైతది" అన్నాను.

ఆయన మూత మళ్లీ పెట్టేశారు. "ఎక్కువ రోజులు నిలిచేది ఏది?"

"లిక్విడే అనుకుంటున్న."

"అనుకుంటున్న అనకు. చూసిన అను."

అలా మొదలైంది. బానెట్టు మధ్యలో దారం పట్టి రెండు భాగాలు చేశాం. గోడవైపు సగం నాది, వాకిలివైపు సగం ఆయనది. రేకుల కొట్టం కింద కారు నెలరోజులు దుమ్ము తినాలి. అంతవరకు బానెట్టు మీద నీళ్లు పోయకూడదు, గుడ్డ తగలకూడదు. గడువు తీరిన ఆదివారం ఒక చెంబు నీళ్లు పోసి, ఎవరి వైపు చుక్కలు గుండ్రంగా నిలబడితే వాళ్లు గెలిచినట్టు.

ముందు నా వంతు. సీసా వంచి, స్పాంజీతో రుద్ది, తుడిచి, పది నిమిషాల్లో చేతులు దులుపుకున్నాను. కాక స్పాంజీ ముట్టుకోలేదు. వేళ్లతోనే పేస్టు తీసి రెండు అరచేతుల్లో మెత్తబరిచి, ఎడమ చెయ్యి బానెట్టుకు ఆనించి వంగి, కుడిచేత్తో గుండ్రంగా రుద్దారు. తర్వాత నన్ను నాలుగడుగులు వెనక్కి నిలబెట్టారు.

"ఇది పేలదు కాకా."

"ఎరుకే. నిలబడు."

మందు పేలకపోతే చాలాసేపటి దాకా దాని దగ్గరికి పోకూడదట. వ్యాక్సుకూ అదే నియమమని ఆయన లెక్క. వేలితో గీత గీసి, జిడ్డుగా సాగితే "ఇంకా ఆరలే" అనేవారు. మూడోసారి గీత శుభ్రంగా తెగింది. అప్పుడు పాత బనియనుతో బానెట్టంతా ఒక్కసారి తుడిచారు.

వారం తిరక్కుండానే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. గనులు ఆగాయి, సైరన్ ఆగింది, దుమ్మూ ఆగింది. మా ఊళ్లో చెట్ల ఆకులు ఆకుపచ్చగా ఉంటాయని అప్పుడే తెలిసింది. కాక పొద్దున దీక్షా శిబిరంలో కూచునేవారు, మధ్యాహ్నం వచ్చి బానెట్టు చూసి దిగాలుపడేవారు.

"ఏంది కాకా, గట్లున్నవ్?"

"తెలంగాణ రావాలె. దుమ్ము గూడ రావాలె. రెండు ఒక్కపారే వచ్చేటట్టు లేవు."

సమ్మె రోజులకు హాజరు లేదని తీర్పు వాయిదా వేశారు. దసరాకు చిన్నమ్మ పసుపు చేత్తో వస్తే బానెట్టుకు అడ్డం నిలబడ్డారు. చివరికి రాజీ కుదిరి పూజ డిక్కీకి జరిగింది. సమ్మె ముగిశాక మొదటి బ్లాస్టింగు వినబడగానే వాకిట్లో చెవి రిక్కించి, "మందు ఎక్కువ పెట్టిండు" అని తప్పుపట్టి, ఆనందంగా దుమ్ము కోసం ఎదురుచూశారు.

తుడవకుండా ఉండడం ఆయనకు ఉపవాసం కన్నా కష్టమైంది. చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ తిరిగేవారు. గురువారం సాయంత్రం కూడా అలాగే తిరుగుతూ నన్ను ఆపారు.

"నీళ్లు గుండ్రంగ ఎందుకు నిలవడ్తయిరా? నీ సైన్సుల ఏం రాసిన్రు?"

తలతన్యత అన్నాను.

"అది పేరు. ఎందుకో చెప్పు."

ఆదివారం చెప్తానన్నాను.

ఆ ఆదివారం ఆయన పోయిన మూడో రోజైంది. అస్థికలు గోదావరిలో కలపడానికి ఆయన కారులోనే పోదామన్నారు ఇంట్లోవాళ్లు. కాసిపేట నుంచి వచ్చిన కాక అల్లుడు, నాకు బావ వరస, బకెట్లో సబ్బు పొడి కలుపుతున్నాడు. సబ్బు తగిలితే వ్యాక్సు పోతుంది. నేను వెళ్లి బానెట్టుకు అడ్డం నిలబడ్డాను.

"బావా, సబ్బు పెట్టకు. ఇయ్యాల తీర్పున్నది."

"మామను గీ మురికి బండిల తీస్కపోవాల్నా? మతి ఉండే మాట్లాడుతున్నవా?"

నేను పక్కకు జరగలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన చిన్నమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని బయటికి వచ్చింది.

"ఆగయ్యా. రెండు నెలల సంది ఇద్దరు కలిసి నా తలకాయ తిన్నరు. ఎవలు గెలిచిన్రో తేలినంకనే పోదాం. తేలకుంటే ఆయన బండెక్కడు."

బావే చెంబు అందుకుని పోశాడు. కాక సగంలో దుమ్ము జారిపోయి, నీళ్లు సగ్గుబియ్యంలా గుండ్రంగా నిలబడ్డాయి. నా సగంలో పల్చగా పరుచుకుని కిందికి పోయాయి. ఓడిపోయాను. మరణించిన వ్యక్తి చేతిలో, సాక్షుల ఎదుట, సంపూర్ణంగా.

"మరి గిదేంది?" అన్నాడు బావ.

నా సగం మధ్యలో ఒక్కచోట చుక్కలు నిలబడి ఉన్నాయి. ముందు చెదురుమదురుగా కనబడ్డాయి. తర్వాత అరచెయ్యిగా కనబడ్డాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, పక్కన సగం వేలు, చిటికెనవేలు. ఆ రోజు కాక వ్యాక్సు అంటిన ఎడమ చెయ్యి నా వైపు ఆనించి వంగిన చోటది.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పక్కోని దిక్కు చెయ్యి పెట్టకుంటే పానం ఊకోదు ఈయనకు," అంది.

బావ సబ్బు నీళ్లు మోరీలో పారబోశాడు. అలాగే బయల్దేరాం. నేను ముందు సీట్లో కూచున్నాను. నీళ్లు ఎందుకు గుండ్రంగా నిలబడతాయో ఆయనకు చెప్పాల్సి ఉంది. పుస్తకంలో ఉన్నదంతా గుర్తు తెచ్చుకున్నాను గానీ అవన్నీ పేర్లే. గాలికి చుక్కలు సాగి, ఒకటొకటిగా జారిపోతున్నాయి. వంతెన ఎక్కేసరికి అరచెయ్యి ఆరిపోయింది, వేళ్లూ ఆరిపోయాయి. సగం వేలి దగ్గర మాత్రం ఒక చుక్క ఇంకా నిలబడే ఉంది.