తెగని తాడు

సొరచేపను ఉడికించి పొడిగా వేపిన పుట్టు తింటే బాలింతకు పాలు పడతాయంటారు. పురిటికొచ్చి బిడ్డను కన్న కూతురి కోసం సొర తెమ్మని బోటు యజమానికి భార్య చెప్పి పంపింది. ఆ రోజు అంతర్వేది నుంచి ఆయనతో నేనూ వెళ్లాను.

లోతు నీళ్లలో దించిన గాలానికి ఆకుపచ్చ కళ్ల సొర పడింది. ఆయన దాని పొట్ట తడిమి చూశాడు.

"చూలుతో ఉందండి. బాలింత కోసం చూలాల్ని కొయ్యమంటారా?"

గాలం తీసి వదిలేశాడు. అది తీరిగ్గా కిందికి దిగిపోయింది.

ఒడ్డున భార్య ఎదురొచ్చింది. "సొరేది?"

"పడింది. తాడు తెగిపోయింది."

ఆవిడ నావైపు తిరిగింది. "పేపరు బాబుగారూ, మీరు చెప్పండి."

"తెగిపోయిందండి," అన్నాను.

ఆవిడ బోటులో చుట్టి ఉన్న తాడునూ, దాని చివరనున్న గాలాన్నీ చూసింది.

"పేపర్లోనూ ఇలాగే రాస్తారాండి?"

బజారుకెళ్లి సొర కొనుక్కొచ్చి పుట్టు చేసింది. కూతురికి పెట్టింది. మా ఇద్దరికీ ఉత్త చారు పోసింది.