మోయాబ్ మట్టిని నిద్రలేపిన పాపం

ఇంజినీరింగ్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న హెప్సిబా ఇప్పుడు యూటా ఎడారి మట్టి మీద పీహెచ్‌డీ చేస్తోంది. మొన్న ఆగస్టులో ఫోన్ చేసి, "ఒరేయ్, ఇక్కడ మట్టి ఊపిరి తీసుకుంటుందిరా, మిషన్ పెట్టి మరీ కొలుస్తున్నా" అంది. రెండు వేసవులు ఎండలో ఒంటరిగా గడిపిన మనిషి ఇలాంటి మాట అంటే, వెళ్లి చూసి రావడం స్నేహితుడి కనీస ధర్మం. సన్నీవేల్‌లోని మా ఆఫీసుకి 'వ్యక్తిగత కారణాలు' అని గంభీరంగా మెయిల్ పెట్టి, సెప్టెంబరు చివర్లో ఒక శుక్రవారం బయలుదేరాను.

శాన్‌హోజేలో ఉదయం ఆరింటికి విమానం ఎక్కితే సాల్ట్‌లేక్ సిటీకి రెండు గంటలు కూడా పట్టదు. గడియారం మాత్రం ఒక గంట ముందుకు జరపాలి. రెండు రోజులకు అద్దె కారు నూట ముప్ఫై డాలర్లు, అక్కడి నుంచి హెప్సిబా ఉండే మోయాబ్‌కి దాదాపు నాలుగు గంటల డ్రైవ్. దారిలో గ్రీన్ రివర్ దగ్గర కర్బూజాలు అమ్ముతున్న ఒక పెద్దాయన ఎక్కడికని అడిగాడు. మట్టి చూడ్డానికి అన్నాను. "దానికోసం అంత దూరం ఎందుకు బాబూ, గాలి రానీ, అదే నీ దగ్గరికి వస్తుంది" అన్నాడు. పశువులూ జీపులూ తొక్కని రోజుల్లో ఇంత దుమ్ము లేదట. మూడు డాలర్లకి కాయతోపాటు ఈ జ్ఞానం ఉచితం.

ఒంటిగంటన్నరకి హెప్సి తన పరిశోధన స్థలానికి తీసుకెళ్లింది. ఎర్రటి ఇసుక మీద మాడిన అట్టులాంటి నల్లటి, గరుకు పొర పరుచుకుని ఉంది. "ఇదంతా ప్రాణమున్నదే. కంటికి కనపడని పోగులు ఇసుకని కుట్టేసి పట్టుకుంటాయి. గాల్లో నత్రజని పట్టి మట్టికిస్తాయి, మొక్కలు దాన్నే తింటాయి. ఒక్క అడుగు వేశావంటే మళ్లీ అతుక్కోడానికి ఏళ్లు పడుతుంది. బండ మీదో, వాగు ఇసుకలోనో నడువు." నేను కొంగలా ఒక్కో కాలూ ఎత్తి నడిచాను. నా పాదాల వల్ల సృష్టికి ఎలాంటి హానీ జరగలేదని ప్రమాణం చేసి చెప్పగలను.

హాని చేతుల వల్ల జరిగింది.

బండ మీద కూర్చుని పులిహోర డబ్బా తీశాం. హెప్సి కళ్లు మూసుకుని ప్రార్థన ముగించేలోగా నేను రెండు ముద్దలు లాగించేశాను. తిన్నాక, మా ఇంట్లో నేర్పిన సంస్కారం ప్రకారం, చెయ్యి కడిగిన నీళ్లు వృథా కాకుండా ఏ మొక్కకైనా పోయాలి కదా. బండ అంచున ఎండి నల్లబడిన నాచు కనిపించింది. పాపం అనుకుని దాని మీదే కడిగాను. నిమిషం తిరక్కుండా పచ్చగా విచ్చుకుంది!

"హెప్సీ, చూడవే, బతికించేశా!"

ఆమె చూసింది. నాచును కాదు, దాని పక్కనే కొలతల కోసం మట్టిలో దిగేసి ఉన్న తెల్లటి రింగును, అందులోకి పారిన నా నీళ్లను. "అది తొమ్మిదో ప్లాట్‌రా. మిగతావాటికి నీళ్లు పోసి, పొయ్యనివాటితో పోల్చి చూస్తున్నా. నేను చుక్క నీళ్లు పొయ్యనివి నాలుగే ఉన్నాయి. రెండేళ్లుగా వాన పడితేనే తడి."

"నీళ్లేగా పోశాను?"

"నిద్రపోయేవాణ్ణి లేపి, వంట మొదలుపెట్టించి, అన్నం ఉడక్కముందే పొయ్యి ఆర్పేస్తే ఎలా ఉంటుంది? ఈ పొరా అంతే, లేవడానికే దాచుకున్నదంతా ఖర్చు పెడుతుంది. తిరిగి సంపాదించుకునేలోపు ఎండిపోతుంది. పైగా నీ ఉప్పు, నూనె, చింతపండు!"

రింగు మీద మిషన్ పెట్టింది. కార్బన్ డయాక్సైడ్ అంకెలు పైకి పాకుతున్నాయి. మట్టి నిజంగానే ఊపిరి వదులుతోంది, నావల్ల, ఆయాసంగా.

"సాయంత్రానికి ఎండిపోతుంది కదా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను మెల్లగా.

"నాకు" అంది. తిడితే బాగుండేది. బదులుగా నోట్‌బుక్, పెన్సిల్ నా చేతిలో పెట్టింది. "నువ్వే రాయి. టైముతో సహా. మా ప్రొఫెసర్ చదువుతాడు, కాస్త అక్షరాలు గుండ్రంగా రాయి."

రాశాను: రెండూ నలభై, తొమ్మిదో ప్లాట్, అతిథి చేతులు కడుక్కున్నాడు, పులిహోర. ఆమె దాని కింద గీత గీసి, లెక్కలోంచి తొమ్మిదిని కొట్టేసి, మిగిలిన మూడింటినీ కొలవడానికి లేచింది. మిషన్ నేను మోశాను.

ఎండిపోయి కనిపించినదల్లా నా సాయం కోసమే ఎదురుచూస్తోందనుకోవడం నా పాత జబ్బు. ఆ నాచు దాహంతో లేదు, ఓపికతో ఉంది. సరిపడా వాన ఎప్పుడొస్తుందో దానికి నాకంటే బాగా తెలుసు. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: భోజనం బాట మీదో, పార్కింగ్ దగ్గరో కానివ్వండి, ఒక ఖాళీ సీసా పట్టుకెళ్లండి. చెయ్యి కడిగిన నీళ్లు అందులోనే పోసుకుని ఊళ్లోకి తెచ్చుకోండి.