తాళమున్న ఇల్లు, కంప ఉన్న ఇల్లు

2022 ఫిబ్రవరిలో నేను గద్వాలలో ఒక జిల్లా కార్యాలయంలో, ప్రణాళిక విభాగంలో పనిచేస్తున్నాను. నా ఉద్యోగమేమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. పైనుంచి ఒక విధానం రెండు పేజీల్లో వస్తుంది. అందులో 'అర్హులైన', 'సమీపంలోని', 'నివాసమున్న' లాంటి మాటలుంటాయి. ఒకరి గడప ముందు టాబ్ పట్టుకుని ఎండలో నిలబడ్డ మనిషికి ఆ మాటలు చాలవు. ఏం కనిపిస్తే అవునని రాయాలో, ఏం కనిపిస్తే కాదని రాయాలో ఎవరో ఒకరు ముందే తేల్చిపెట్టాలి. దాన్ని మేం ఆపరేషనల్ డెఫినిషన్ అంటాం, అంటే పనిలో వాడుకునే నిర్వచనం. నా సర్వీసులో ఎక్కువ భాగం అవి రాయడంలోనే గడిచింది. బాగా రాస్తానని పేరు కూడా ఉంది.

ఆ ఏడు వచ్చిన ఆదేశం చిన్న అంగన్‌వాడీల గురించి. ఊరికి దూరంగా ఉన్న వాడల్లో, తండాల్లో నడిచే చిన్న కేంద్రాలవి. వాటి పరిధిలో నివాసమున్న ఇళ్లు చాలినన్ని లేకపోతే ఆ కేంద్రాన్ని పక్క ఊరి పెద్ద కేంద్రంలో కలపాలి. మా దగ్గర ఫిబ్రవరి అంటే సగం వాడలు పుణెలోనో, బెంగుళూరులోనో కట్టడం పనుల్లో ఉండే కాలం. పనికి పోయినవాళ్ల ఇళ్లను ఖాళీ ఇళ్లుగా లెక్కేస్తే అన్యాయం జరుగుతుంది. అందుకని బాగా ఆలోచించి ఒక్క వాక్యం రాశాను. మనుషులు లేకున్నా తలుపుకు తాళముంటే నివాసమున్నట్టు, తాళం కూడా లేకపోతే ఖాళీ.

ఎవరికైనా అర్థమయ్యే వాక్యం. గడప దగ్గరే తేలిపోతుంది. మా పై అధికారి చదివి, "ఇంత సులువుగా ఇంకెవరూ రాయలేదు" అన్నారు. తన ఇంటికి తాళం వేయకుండా ఎవరు మాత్రం ఊరు దాటుతారు?

మా ఇంటి సంగతి ఇక్కడ ఒక ముక్క చెప్పక తప్పదు. ధరూర్ వైపు, కృష్ణకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో మా ఇంటిని గడి అంటారు, అంటే దొరల కోట లాంటి ఇల్లు. భూములు మా నాన్నగారి కాలానికే చేయిదాటాయి. ఎట్లా పోయాయని అడిగితే జవాబు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. గద్వాలలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటాను. ఎవరి కారులోనూ ఊరికే ఎక్కను. గడి తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంది. జానెడు పొడవు. ఆఫీసు బ్యాగులో ఉంటుంది.

సర్వే జాబితాలు వచ్చాక వాటిని సరిచూడటం నా పనే. మా ఊరి జాబితా కూడా మిగతావాటి లాగే చూశాను. కాలువ అవతలి వాడను మా ఊళ్లో గేరి అంటారు, అందులో నలభై ఆరు ఇళ్లు. నివాసమున్నవి తొమ్మిది, ఖాళీవి ముప్పై ఏడు. గేరి అంగన్‌వాడీని ఊరి కేంద్రంలో కలపాలని సిఫారసు. సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా ఆ అంగన్‌వాడీ టీచరు సుగుణమ్మ ఆఫీసుకు వచ్చింది. ఆమెది ఆ గేరే. షేర్ ఆటోలో వచ్చినట్టుంది, చీర మీద ఇంకా దుమ్ము ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా గేరిల మనుషులు లేరని రాసిన్రట మేడం. మరి దినాం నేను గుడ్లు ఎవలకు పెడుతున్న, దయ్యాలకా?"

"తొమ్మిది ఇళ్లలో ఉన్నారని రాశాం."

"ఆ తొమ్మిదిండ్లల్లనే పందొమ్మిది పిల్లలున్నరు. తల్లిదండ్రులు పనికి పోయిన్రు, పిల్లలు ముసలోళ్ల కాడ ఉన్నరు."

"నిబంధన ఇళ్లను బట్టి ఉంది. పిల్లలను బట్టి లేదు."

అన్నాక ఆ మాట నాకే ఎట్లానో అనిపించింది. కానీ నిబంధన నిజంగానే అట్లా ఉంది. సుగుణమ్మ సంచిలోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టింది. పిల్లల బరువు గుర్తుపెట్టే గ్రోత్ కార్డు అది. రంగుల పట్టీల మీద నెలనెలా ఒక చుక్క పెడతారు. పచ్చలో ఉంటే మంచిది, ఎరుపులో ఉంటే ప్రమాదం. ఆ కార్డు మీద చుక్కలు ఎరుపులోంచి పసుపులోకి ఇప్పుడిప్పుడే ఎక్కుతున్నాయి.

"మా సవారమ్మవ్వ మనుమరాలు. మూడేండ్ల పిల్ల. గిప్పుడే జర పాణం వస్తుంది. కేంద్రం ఊర్లకు పోతే ఈ పిల్ల కాలువ దాటి, బస్సుల రోడ్డు దాటి వస్తదా? ఎత్తుకపోనీకి ముసల్దానికి మోకాళ్లు లెవ్వు. మీరు కలుపుతరు, పిల్లలు బంద్ అయితరు. గంతే."

"ముప్పై ఏడు ఇళ్లకు తాళాలు లేవమ్మా. మీవాళ్లు తిరిగి వస్తారని నేనెట్లా నమ్మాలి?"

ఆమె నన్ను వింతగా చూసింది. "తిరిగొచ్చేటోళ్లు తాళమెందుకు ఏస్తరు మేడం?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. రెండు రోజులు ఆలోచించినా అర్థం కాలేదు. ఫీల్డ్ వెరిఫికేషన్ పెట్టుకున్నాను, అంటే కాగితంలో ఉన్నది నేల మీద ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడటం. ఆ ఊరికి వెళ్లి ఆరేళ్లయింది. ఇంకెవరినైనా పంపితే భయపడిందంటారని నేనే వెళ్లాను.

పంచాయతీ కార్యదర్శి పద్మ కాలువ దగ్గర ఎదురొచ్చింది. సర్వే చేసింది ఆమే. నన్ను చూడగానే, "మేడం, మీరు రాసిన రూల్ ప్రకారమే రాసిన" అంది, నేనేమీ అడగకముందే.

గేరిలో వరుసగా ఇళ్లు. తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. గొళ్లెం పెట్టి ఉంది, తాళం లేదు. ప్రతి గుమ్మానికీ అడ్డంగా ఒక తుమ్మ కంప. ఒకటి కాదు, కనుచూపు మేర అన్ని గుమ్మాలకూ అదే. సర్వే ఫొటోల్లో చూసినప్పుడు పాడుబడ్డ ఇళ్లలో మొలిచిన చెట్లనుకున్నాను.

ఒక ముసలమ్మ పంగల కర్రతో ఒక గుమ్మం ముందున్న కంపను పక్కకు నెట్టి లోపలికి వెళ్లింది. ఆమే సవారమ్మ. వెనక కొంగు పట్టుకుని సన్నటి ఆడపిల్ల. సవారమ్మ ఇల్లు ఊడ్చింది, మూలనున్న కుండలో నీళ్లు మార్చింది, బయటికొచ్చి మళ్లీ కంపను కర్రతో గుమ్మానికి చేర్చింది.

"ఇది మీ ఇల్లేనా?" అడిగాను.

"నాది గాదు, మా మరిది కొడుకుది. బెంగుళూరు పోయిండు. నాకు ఆరిండ్లు ఒప్పజెప్పిన్రు."

"తాళం వేసి, చెవి నీకే ఇచ్చిపోవచ్చు కదా?"

"ఏందమ్మా గట్లంటవు? ఇంటికి తాళమెప్పుడేస్తరు? మల్ల రాననుకున్నోడు ఏస్తడు. మనిషున్న ఇంటికి ఎవలన్న తాళమేస్తరా? కుక్క రాకుండ, పంది రాకుండ కంప పెడతరు. అమాస అమాసకు పచ్చిది తెచ్చి మారుస్తం." కర్రతో వీధి చివర రెండు గుమ్మాలు చూపించింది. అక్కడి కంపలు ఆకు రాలి బూడిద రంగులో ఉన్నాయి. "గవి ఖాళీ. వాళ్లు పుణెలనే ఇల్లు కట్టుకున్నరు. ఇంకో రెండు అటుదిక్కు ఉన్నయి. ఇంగ ఎవలు మారుస్తరు కంప?"

పద్మ టాబ్‌లోకి చూస్తూ నిలబడింది. నేను వీధంతా మళ్లీ చూశాను. మేం పదిహేను రోజులు తిరిగి, శిక్షణలిచ్చి రాబట్టిన లెక్క అక్కడ గుమ్మాల మీదే ఉంది. నెలనెలా సరిచేసి కూడా ఉంది. ఎవరొచ్చి చూసినా చదువుకోవచ్చు. నేను తప్ప.

"అది సర్కారు తుమ్మ కంపే గద" అంది సవారమ్మ. "సర్కారుకే తెల్వకుంటె ఎట్ల?"

పద్మకు నవ్వు ఆగలేదు. నన్ను చూసి ఆపుకుంది. ముసలమ్మ నా ముఖంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు ఎవలి బిడ్డవమ్మా?"

నేను చెప్పలేదు. పద్మ చెప్పింది.

"గడి దొరసానివా! గట్ల చెప్పవేంది? మీ నాయినమ్మ కాడ నేను వడ్లు దంచిన." కర్రను గడివైపు తిప్పింది. "మీ గడికి ఇంత తాళముంది గద. మరి మీదేమని రాసిన్రు?"

పద్మ తల ఎత్తలేదు. నేనే టాబ్ తీసుకుని చూశాను. జాబితాలో మొదటి ఇల్లు మాదే, సంతకం పెట్టిననాడు ఆ వరుస దగ్గర నేను ఆగనే లేదు. నివాసముంది, కుటుంబం తాత్కాలికంగా ఊళ్లో లేదు.

"గబ్బిలాలు ఉంటున్నయి గద, నిజమే రాసిన్రు" అంది సవారమ్మ. ఆ మాటలో ఎగతాళి ఎంతుందో, మామూలుగా అన్నది ఎంతుందో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆమె మాట కోసమని కాదు, జాబితాలో ఉన్న ఇల్లు కనుక చూడాలని గడి దగ్గరికి వెళ్లాను. తాళం అట్లాగే ఉంది. మెరుస్తోంది కూడా, పిల్లలు దాన్ని పట్టుకుని ఊగుతారట. చెవి బయటికి తీయలేదు. పక్క సందులోంచి వెనక్కి వెళితే, పెరటి గోడ సగం కూలి ఉంది. రెండు మేకలు ఆ సందులోంచి లోపలికి పోయాయి, ఇంకో మూడు బయటికి వచ్చాయి. ముందు తలుపు తాళం ఎవరి కోసమో నాకు ఆ క్షణాన తోచలేదు.

"మేడం, దీన్ని ఏం రాయమంటరు?" అంది పద్మ మెల్లగా.

నా ఓటు ఆ ఇంటి నంబరు మీదే ఉంది. ఆధార్‌లో చిరునామా కూడా అదే. ఖాళీ అని రాస్తే, శిథిలమైన కట్టడాల జాబితాలోకి పోవడానికి ఒక్క అడుగే ఉంటుంది. రేపు చెప్తానన్నాను. నా సర్వీసులో జాబితాలో ఒక గడి నింపడానికి రేపటిదాకా ఆగమని ఇంకెవరికీ చెప్పలేదు.

మర్నాడు ఫైలు మీద నోటు రాశాను. నేను రాసిన నిర్వచనం తప్పని, ఆ తప్పు నాదేనని, సర్వే చేసినవాళ్లది కాదని. పై అధికారి రెండుసార్లు చదివారు.

"తాళం బదులు కంప చూడాలంటారు. హైదరాబాదుకు నేను కంప గురించి రాయనా?"

"పచ్చి కంప గురించి రాయండి సార్."

"నవ్వుతారమ్మా."

"నన్ను చూసి నవ్వమనండి. సంతకం నాది."

చివరికి ఆయన దాన్ని, ఇల్లు కనిపెట్టుకుని ఉన్నట్టు స్థానికంగా తాజా గుర్తులుండటం, ఇరుగుపొరుగు సాక్ష్యం అని సరిదిద్ది పంపారు. గేరిలో నలభై రెండు ఇళ్లు నివాసమున్నవిగా తేలాయి. కేంద్రం అక్కడే ఉండిపోయింది. ఆ నోటు కిందే ఇంకో సవరణ చేశాను. మొదటి ఇల్లు ఖాళీ. ఆ పదం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎందుకో చెప్పను.

ఇది ఇక్కడితో ముగిస్తే చదివేవాళ్లకు సుఖంగా ఉండేది. మరుసటి ఏడు అదే కాలంలో మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. గేరిలో ప్రతి తలుపుకూ కంప ఉంది. కంప వెనక కొత్త తాళం కూడా ఉంది. సవారమ్మ కొంగు చివర తాళంచెవుల గుత్తి గలగలమంటోంది.

"ఇవేంటి?" అన్నాను.

"పోయినేడు తాళమడిగితిరి, మల్ల కంపే చాలంటిరి. ఈ ఏడు ఏమడుగుతరో ఎవలికి తెల్సు? రెండూ పెట్టినం. మీ నాయినమ్మ నడుముకుంటుండె గుత్తి, గిప్పుడు నాకొచ్చింది సూడు."

తాళమేస్తే ఇంట్లోవాళ్లు ఇక రానట్టన్న మాటేమయిందని అడగబోయి ఊరుకున్నాను. దాన్ని పోగొట్టింది నా మొదటి వాక్యమో, రెండోదో తెలియలేదు. ఆమె మనుమరాలు మాత్రం సుగుణమ్మ గదిలోంచి గుడ్డు తింటూ వచ్చి, గుత్తి లాగి చూసి, పరుగెత్తుకుంటూ పోయింది. పిల్ల కార్డు మీద చుక్క పచ్చలో ఉందని సుగుణమ్మ చూపించింది. ఆ ఒక్కటీ నాకు స్పష్టంగా అర్థమైంది.

అప్పుడే పద్మ వచ్చి, "మేడం, మీరొకటి చూడాలె" అని గడి వెనక్కి తీసుకుపోయింది. గోడ కూలిన సందులో ఒక తుమ్మ కంప నిలబెట్టి ఉంది. ఆకు ఇంకా వాడలేదు. అమావాస్య పోయి నాలుగు రోజులే అయింది.

సవారమ్మను అడిగితే, "మేకలు పోతున్నయని పెట్టిన" అంది. కొంగున గుత్తి సర్దుకుంటూ, "నాకు ఆరిండ్లుండె, ఏడయినయి. గంతే గద" అంది.

పద్మ టాబ్ పట్టుకుని ఎదురుచూస్తోంది. నేను రాసిన నిర్వచనం ప్రకారం పచ్చి కంప ఉంది, పొరుగు సాక్ష్యం ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదని నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. పరాయి తలుపుల మీద వాక్యం రాసేటప్పుడు నా కళ్ల ముందు ఎవరి తలుపుందో చూసుకోవాలని ఈ కేసు నేర్పింది, అంతవరకు చెప్పగలను. తర్వాత ఏం రాయాలో నేర్పలేదు.

"ఏం రాయమంటరు మేడం?" పద్మ మళ్లీ అడిగింది.

"ఇరుగుపొరుగును అడగమనే కదా రూలు" అన్నాను. "సవారమ్మను అడిగి రాయి."

ఆమె ఏం చెప్పిందో, పద్మ ఏం రాసిందో ఆ జాబితా నా బల్ల మీదికి వచ్చినప్పుడు చూడలేదు. మొదటి వరుస మీద చెయ్యి పెట్టి, రెండో ఇంటి నుంచి సరిచూసి సంతకం పెట్టాను.