తలకిందుల గేర్లు

స్మాల్ హీత్ అనే ఫ్యాక్టరీల పేటలో విల్ఫ్ హాడ్లీ పేరున్న మనిషేమీ కాదు. మోటారుసైకిళ్ల ఫ్యాక్టరీలో గేర్‌బాక్సులు బిగించేవాడు. పొద్దున సైరను మోగితే లోపలికి, సాయంత్రం మోగితే బయటికి. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్, ఆదివారం పెరట్లో షెడ్డు. మాట తక్కువ, మెచ్చుకోవడం అసలే రాదు. పని బాగుంటే "సర్లే" అనేవాడు. బాగోకపోతే ఆ ముక్క కూడా ఉండేది కాదు. అలాంటి మనిషి ఒక ఏడాదిపాటు, కన్న కొడుకును తన చేతులతో తానే చంపుకున్నానని నమ్ముతూ బతికాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. పక్కన పడుకునే భార్య ఈనిడ్‌కి కూడా చెప్పలేదు.

కొడుకు పేరు కీత్. ఒక్కడే కొడుకు. బడి వదిలేసిన నాటినుంచి వాడికి బండి పిచ్చి. ఆ పేటలో కుర్రాళ్లందరిదీ అదే పిచ్చి. ఎక్కడినుంచో ఒక నార్టన్ బండి ఫ్రేము సంపాదించాలి, అందులో ట్రయంఫ్ బండి ఇంజను కూర్చాలి. హ్యాండిల్ కిందికి దించాలి, కాళ్లు ఆనించుకునే కడ్డీలు వెనక్కి జరపాలి, మనిషి బండికి బల్లిలా అతుక్కుపోవాలి. అంత కష్టపడి తయారుచేసి ఎక్కడికి వెళ్తారయ్యా అంటే, బైపాసు రోడ్డు పక్కన లారీవాళ్లు ఆగే టీకొట్టుకి. అక్కడ కప్పు టీ ముందు పెట్టుకుని ఒకరి బండి చూసి ఒకరు కుళ్లుకోవాలి. అలాంటి బండికి కఫే రేసరు అన్న పేరు ఆ టీకొట్ల వల్లే వచ్చింది.

కీత్ బండిని తండ్రీకొడుకులిద్దరూ కలిసి ఆ షెడ్డులోనే కట్టారు. కట్టినంతకాలం తిట్లే. కీత్ చెయ్యి బరువు. పానా చేతికిస్తే మరలు తెగిపోయేదాకా తిప్పేవాడు.

"నట్టు బిగించమన్నానా, పీక పిసకమన్నానా?" అనేవాడు విల్ఫ్.

"ఊడిపోతే మళ్లీ నువ్వే తిడతావుగా నాన్నా."

ఈనిడ్ వంటింటి కిటికీలోంచి వినేది. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు అన్ని మాటలు మాట్లాడుకున్నది ఆ రోజుల్లోనేనని తర్వాత చెల్లెలితో చెప్పుకుంది.

బండి తయారయింది గాని అందులో ఒక చిక్కు మిగిలింది. కాళ్ల కడ్డీలు వెనక్కి జరిపితే గేరు లివరును కూడా వెనక్కి తిప్పి పెట్టాలి. తిప్పితే గేర్లు తలకిందులవుతాయి. మామూలు బండికి గేరు పెంచడానికి కాలు ఎటు కదులుతుందో, ఈ బండికి తగ్గించడానికి అటు కదలాలి. కుర్రాళ్లు దాన్ని లెక్కచేయరు. వారంలో కాలికి అలవాటైపోతుంది, ఆ తర్వాత అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. కీత్‌కీ అంతే. విల్ఫ్‌కి మాత్రం అది ముల్లులా గుచ్చుకునేది. ఊరందరికీ గేర్లు సరిగ్గా బిగించి పంపేవాడి ఇంట్లో బండి తలకిందులా? ఫ్యాక్టరీలో తోటివాళ్లు ఊరుకుంటారా? "మీవాడి బుర్ర ఎటుంటే గేర్లూ అటే ఉంటాయిలేవోయ్" అని టీ వేళ రోజూ తగులుకునేవాళ్లు.

మరమ్మతు ఉంది. గేర్‌బాక్సు లోపల గాడులు తీసిన ఒక ఉక్కు పలక ఉంటుంది. గేర్లను ముందుకూ వెనక్కూ జరిపేది అదే. ఆ గాడులు తిరగేసి కొత్త పలక చేస్తే, లివరు ఎటున్నా కాలు మామూలు పద్ధతిలోనే కదలొచ్చు. కాలువ గడ్డకట్టి, గొట్టాల్లో నీళ్లు బిగుసుకుపోయిన ఆ శీతాకాలమంతా విల్ఫ్ షెడ్డులో దీపం పెట్టుకుని ఆకురాయితో ఆ పలకను అరగదీశాడు. వేళ్లు పగిలి నెత్తురు కారినా మానలేదు. ఈనిడ్ ఉన్ని చేతితొడుగులు అల్లి ఇస్తే, చేతికి పని తెలియదని తీసి పక్కన పెట్టాడు.

వసంతంలో దాన్ని బిగించాడు. కీత్ వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. విల్ఫ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "బాగుంది నాన్నా" అన్నాడు కీత్. "సర్లే. కొన్నాళ్లు నెమ్మదిగా నడుపు. బుర్రకి తెలిసినంత త్వరగా కాలికి తెలియదు" అన్నాడు విల్ఫ్. ఆ రాత్రి అతను భోజనం దగ్గర ఈల వేశాడని ఈనిడ్ చాలాకాలం గుర్తుపెట్టుకుంది.

అక్టోబరులో ఒక ఆదివారం, సన్న వానలో, బైపాసు మలుపు దగ్గర కీత్ పోయాడు. వెనకాల ఇంకో బండి మీద వస్తున్న స్నేహితుడు మెర్విన్ చూశాడు. వెనక చక్రం ఉన్నట్టుండి పక్కకు జారిపోయిందని చెప్పాడు. పెద్ద వేగంలో లేమనీ, రోడ్డు మీద లారీ నూనె ఒలికి ఉందనీ విచారణలో మళ్లీ మళ్లీ చెప్పాడు. నల్ల తోలు కోటు వేసుకున్న కుర్రాడి మాట ఎవరు నమ్ముతారు? మితిమీరిన వేగం అని రాసుకుని మూసేశారు. వీధి వీధంతా అదే అంది.

విల్ఫ్ ఆ రెండు మాటలూ నమ్మలేదు. అతనికి వేరే లెక్క తోచింది. మలుపులో కంగారుపడ్డ కాలు పాత అలవాటు ప్రకారం కదిలింది. గేరు పెరగాల్సింది పడిపోయింది. వెనక చక్రం బిగుసుకుంది. తడి రోడ్డు మీద ఇంకేం కావాలి? ఎవరూ అడగని మంచి చేయబోయాడు తను. తోటివాళ్ల ఎగతాళి పడలేక కొడుకు కాలికి తెలిసిన దారి మార్చేశాడు. నూనె కథ తనను ఓదార్చడానికి మెర్విన్ అల్లిందే అనుకున్నాడు.

పోలీసులు తెచ్చి పడేసిన బండి మీద టార్పాలిన్ కప్పి షెడ్డుకి తాళం వేశాడు. ఫ్యాక్టరీకి వెళ్లేవాడు, వచ్చేవాడు. మ్యాచ్‌లు మానేశాడు. సాయంత్రాలు ఈనిడ్ టీ తెచ్చి ముందు పెడితే అది చల్లారిపోయేదాకా గోడను చూస్తూ కూర్చునేవాడు. వేగంగా నడిపాడని ఇంకా కొడుకు మీద కోపంగా ఉన్నాడేమో అనుకుంది ఆవిడ. వాడి పేరెత్తితే లేచి వెళ్లిపోతాడని ఎత్తడం మానేసింది. ఇద్దరూ ఎవరి దుఃఖం వాళ్లు మింగుతూ ఒకే బల్ల దగ్గర తిన్నారు.

ఏడాది తిరుగుతుండగా మెర్విన్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. టీకొట్టు దగ్గరి కుర్రాళ్లందరూ తలా ఒక సామాను తెస్తామంటున్నారనీ, కీత్ బండిని మళ్లీ నిలబెడదామనీ అన్నాడు.

"తుప్పు పట్టనీ" అన్నాడు విల్ఫ్.

"అలా అనకండి హాడ్లీ గారూ. వాడి బండి తుప్పు పడుతుంటే మేం మా బండ్లు తుడుచుకోలేకపోతున్నాం."

విల్ఫ్ తలుపు వేయబోయాడు. వెనకనుంచి ఈనిడ్ వచ్చి తలుపు పట్టుకుంది. "చెయ్యవయ్యా. నువ్వు చేతులు ముడుచుకుని కూర్చుంటే నేను చూడలేకపోతున్నా" అంది. ఏడాదిలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అలా షెడ్డు తాళం తీశారు. వంగిన ఫ్రేమును ఒకడు తీసుకెళ్లి సరిచేయించాడు. సొట్టపడ్డ ట్యాంకును ఇంకొకడు కొట్టించి తెచ్చాడు. మెర్విన్ చక్రాలకు కొత్త చువ్వలు వేశాడు. ఇంజను విప్పి కడిగారు. గేర్‌బాక్సు ఒక్కటే విల్ఫ్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నూనె గుడ్డ కప్పి బల్ల చివర పెట్టాడు. కుర్రాళ్లు అడిగితే, అది నా పని అనేవాడు. వాళ్లు అది గౌరవం అనుకున్నారు. అది భయం. మూత తీస్తే తన ఆకురాయి గీతలున్న ఆ పలక కనిపిస్తుంది. దాని ముఖం చూడాల్సి వస్తుంది.

ఇంక ఆ ఒక్కటే మిగిలింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గుడ్డ తీశాడు. మూతకున్న మరలు విప్పి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి, మూత ఊడదీశాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మూతకీ పెట్టెకీ మధ్య నూనె కారకుండా పెట్టే అట్ట తను పెట్టింది కాదు. తను ఫ్యాక్టరీ అట్టే వాడతాడు. ఇది పొద్దున తినే కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట. దాని మీద ఎర్ర అక్షరాల సగం ముక్కలు ఇంకా కనబడుతున్నాయి. అంచులు కత్తెరతో ఎంతో ఓపిగ్గా కత్తిరించి ఉన్నాయి.

గబగబా లోపలివి తీశాడు. పలక బయటికి వచ్చింది. నున్నటి ఫ్యాక్టరీ పలక. తను తీసి డబ్బాలో పడేసిన పాతది. ఆకురాయి గీతలు లేవు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. కీత్ దాన్ని మళ్లీ మార్చేశాడు. తండ్రికి తెలియకుండా గేర్‌బాక్సు విప్పి, పాత పలక పెట్టి, మళ్లీ మూసేశాడు. కాలికి తెలిసిన గేర్లతోనే ఆ రోజు మలుపు దగ్గరికి వెళ్లాడు. అంటే మెర్విన్ చెప్పింది నిజం. రోడ్డు మీద నూనె. అంతే.

విల్ఫ్ షెడ్డులో బోర్లించి ఉన్న చెక్కపెట్టె మీద కూలబడ్డాడు. ఏడాదిగా గుండె మీద ఉన్న బండ దిగింది. దిగాక గాని తెలియలేదు, ఇన్నాళ్లూ కొడుకుకీ తనకూ మధ్య మిగిలి ఉన్నది ఆ బండ ఒక్కటేనని. తప్పు తనదైతే కనీసం ఆ చావులో తనకూ ఒక చోటుంది. ఇప్పుడు అదీ లేదు. ఎవడో పేరు తెలియని లారీవాడి నూనె మీద జారి, పిల్లాడు ఊరికే పోయాడు. అప్పుడు ఏడ్చాడు విల్ఫ్. పాతిపెట్టిన రోజున కూడా అలా ఏడవలేదు.

టీ తెస్తున్న ఈనిడ్ ఆ చప్పుడు విని షెడ్డు గుమ్మంలో ఆగిపోయింది. విప్పి ఉన్న గేర్‌బాక్సునూ, అతని చేతిలో పలకనూ చూసింది.

"నేనే చంపాననుకున్నానే" అన్నాడు విల్ఫ్. "నేను చేసిన పలక వల్లే కాలు తడబడి పోయాడనుకున్నా. ఏడాదిగా అదే అనుకుంటున్నా. అది ఇందులో లేనే లేదు ఈనిడ్."

ఈనిడ్ ముఖం తెల్లగా పాలిపోయింది. టీ కప్పు బల్ల మీద పెట్టి ఇంట్లోకి వెళ్లింది. వచ్చేటప్పుడు గుండీల డబ్బా తెచ్చింది. కుట్టుపని చేసేవాళ్లింట్లో ఉండే రేకు డబ్బా. గుండీల అడుగునుంచి గుడ్డలో చుట్టిన ఒక పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. విప్పకముందే బరువును బట్టి అది ఏమిటో విల్ఫ్‌కి తెలిసిపోయింది.

"నువ్వు మ్యాచ్‌కి వెళ్లిన శనివారం నా వంటింటి బల్ల మీదే విప్పాడయ్యా" అంది. "కాలు అలవాటు పడట్లేదమ్మా, రెండుసార్లు తడబడ్డాను అన్నాడు. మరి నాన్నకి చెప్పరా అంటే, చలికాలమంతా చేతులు పగలగొట్టుకుని చేశాడు, ఎలా చెప్పను అన్నాడు. దాచమన్నాడు. వచ్చే వసంతంలో మెల్లగా నేర్చుకుని మళ్లీ పెట్టుకుంటానన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"ఏడాది ఈనిడ్. ఒక్క మాట..."

"నువ్వు ఒక్క మాట అడిగావా? నీ లోపల ఇది ఉందని నాకెలా తెలుస్తుంది? వాడు నన్ను అడిగిన ఆఖరి పని అదొక్కటే. అదైనా నిలబెట్టుకుందామనుకున్నా."

ఎవరి మీద కోప్పడాలో ఇద్దరికీ తోచలేదు. ముగ్గురూ ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదనుకున్నారు. అంతకుమించి ఎవరూ ఏ తప్పూ చేయలేదు. ఈనిడ్ అతని పక్కనే చెక్కపెట్టె మీద కూర్చుంది. విల్ఫ్ పలకను బొటనవేలితో కాసేపు తడిమి, మళ్లీ గుడ్డలో చుట్టి ఆవిడ ఒళ్లో పెట్టాడు. దాన్ని డబ్బాలోనే ఉంచమన్నాడు. మెర్విన్ వచ్చి గేర్లు ఎటని అడిగితే తలకిందులేనని చెప్తానన్నాడు, కీత్ నడిపింది అలాగే కాబట్టి.

తర్వాత కళ్లు తుడుచుకుని మళ్లీ గేర్‌బాక్సులోకి వంగాడు. ఇంకా విప్పని లోపలి నట్ల మీద ఒక్కొక్కదాని మీదా పానా పెట్టి చూశాడు. ఏ ఒక్కదాని మరా తెగలేదు. ఏ ఒక్కటీ వదులుగా లేదు.

"ఇటు చూడవే" అన్నాడు. "నట్లు ఎంత బాగా బిగించాడో చూడు."

ఈనిడ్ వంగి చూసింది. నట్ల సంగతి ఆవిడకేం తెలుసు? అయినా చాలాసేపు చూసింది.