నానబెట్టిన సీసాలు

గాజుకు గాజు తగిలిన సన్నని సవ్వడి ముందు వినిపించింది, ఆ వెనకే సీసాల తాత కనిపించాడు. పాత సీసాలు కడిగి అమ్మడం ఆయన పని. యుద్ధంలో సైనికులకిచ్చిన బీరు సీసాలు మాత్రం అమ్మడు. ఆ యుద్ధానికి వెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. తండ్రి తాకినది ఒక్కటైనా దొరుకుతుందని ఇన్నేళ్లూ పోగుచేశాడు. ఆ సీసాల ఆకుపచ్చ గాజు వల్ల ఆయన గదినిండా పచ్చటి వెలుతురు నిలిచి ఉంది.

"ఒక్కదానికీ లేబుల్ లేదేం తాతా?" అని అడిగాను.

"ఈయన చేతికి చిక్కితే చందమామకైనా మచ్చ మిగలదు," అంది ఆయన భార్య.

తాత నవ్వలేదు. తండ్రితో పనిచేసిన సైనికుడొకాయన నిరుడు వచ్చాడట. సీసాలు తారుమారు కాకుండా ఆ లేబుళ్ల మీదే పేర్లు రాసుకునేవాళ్లమని చెప్పాడట.

"తేగానే నానబెట్టి గీకెయ్యడం నాకలవాటు. నాన్న పేరు నా చేతికొచ్చే ఉంటుంది నాయనా, చూడకుండా నేనే కడిగేసుంటాను."