గుమాస్తా భోజనానికి వెళ్లిన అరగంట

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు అడాజన్‌లోని మా ఫ్లాటుకు వచ్చి, పళ్ల డాక్టరు చదువుకు సీటు దొరికే రెండు కాలేజీల వివరాలు ఫోనులో చూపిస్తూ, తర్వాత పై చదువు కూడా చదవాలని ఉంది అత్తా, ఏది మంచిదో నువ్వే చెప్పు అని కూర్చుంది. ఏ కాలేజీకి ఎన్ని అంతస్తులో, హాస్టల్లో ఏం వండుతారో అది చెప్పుకుపోతుంటే, నా మనసు మాత్రం ఎప్పుడో ఒక కాలేజీ కిటికీ ముందు చెమటలు తుడుచుకుంటూ నిలబడిన మా బాపు దగ్గరికి పోయింది.

బాపు ఇదే ఊళ్లో, మగ్గాల పేట సలాబత్‌పురాలో సాంచా నడిపేవాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. తెలంగాణ నుంచి బతుకుతెరువుకు వచ్చిన మా ఇళ్లలో పదో తరగతి దాటిన ఆడపిల్లలే అరుదు, అలాంటిది నాకు రెండు చోట్ల సీటు వచ్చిందనేసరికి సలహాలివ్వడానికి గల్లీ అంతా మా గుమ్మంలోనే చేరింది. నా కోరిక ఒక్కటే, దవడలకు ఆపరేషన్లు చేసే డాక్టరు కావాలి. మా మేనమామ తంబాకు సుపారీ నమిలీ నమిలీ నోరు బిగుసుకుపోయి, ఒక్క వేలు పట్టేంత కూడా తెరవలేక, అత్త పలచగా కలిపిచ్చిన అన్నం జుర్రుకుంటుంటే చూడలేక పుట్టిన కోరిక అది.

ఒకటి ఊరికి దూరంగా కట్టిన పెద్ద కాలేజీ, అందులో దవడల ఆపరేషన్ల పై చదువు ఉంది. రెండోది ఆసుపత్రిని ఆనుకున్న పాత కాలేజీ, అందులో పై చదువే లేదు. ఇక ఆలోచించేదేముంది అన్నారందరూ. మా సాంచాల దగ్గర, మొదట కండెలు చుట్టినవాళ్లకే తర్వాత సాంచా ఖాళీ అయితే దక్కేది. చదువుల్లోనూ అంతేనని, కింది చదువు చదివిన చోటే పై సీటు ఇస్తారని బాపుతో పాటు నేనూ గట్టిగా నమ్మాను.

పెద్ద కాలేజీకి వెళ్లి అసలు సర్టిఫికెట్లన్నీ కిటికీలోంచి ఇచ్చాం. గుమాస్తా వాటిని బల్ల మీద పెట్టి, తిని వచ్చి రసీదు రాస్తానని వెళ్లాడు. రసీదు రాస్తే చదువు ముగిసేదాకా ఆ కాగితాలు మళ్లీ చేతికి రావు. అప్పుడే తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వరండాలో వస్తుంటే, చదువుకున్నవాళ్లు ఎదురైతే గోడవారగా తప్పుకునే మా బాపు ఎందుకో ఆమెకు ఎదురెళ్లి, వచ్చీరాని హిందీలో, ఆసుపత్రి పక్కన పాత కాలేజీ వద్దనుకుని ఇక్కడికి వచ్చాం, ఇక్కడ ఎన్నేళ్లు చదివితే పై సీటు ఇస్తారమ్మా అని అడిగాడు. ఆమె నవ్వి, నేను చదివింది మీరు వద్దనుకుంటున్న ఆ పాత కాలేజీలోనే, పై చదువుకు ఎక్కడ చదివినవాళ్లయినా పరీక్ష రాయాల్సిందే అంది. అక్కడ మూడో ఏటి నుంచే రోగులను మా చేతికి ఇచ్చేవారు, ఇక్కడ కష్టమైన కేసులన్నీ పై చదువు చదివే మాకే వస్తాయి, కింది చదువు పిల్లలు వెనక నిలబడి చూస్తారు అని కూడా చెప్పింది.

బాపు నా వైపు తిరిగి, "గిట్లనా ముచ్చట? మనం ఉల్టా సమజ్ చేసుకున్నం బిడ్డా" అన్నాడు. గుమాస్తా రాగానే కాగితాలు తిరిగి ఇమ్మని అడిగాం, గొణుక్కుంటూ కట్ట చేతిలో పెట్టాడు. బస్సులో ఇంటిదాకా బాపు ఆ కట్టను గుండెకు హత్తుకునే కూర్చున్నాడు.

పాత కాలేజీలో చేతి నిండా పని దొరికింది. పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి, చివరికి ఆ పెద్ద కాలేజీలోనే పై సీటు తెచ్చుకున్నాను. మామకు ఆపరేషన్ చేసిన రోజు మా గురువుగారి పక్కన నేనూ ఉన్నాను. ఆ తర్వాత నెలల తరబడి పళ్ల మధ్య పుల్లలు పెట్టి నోరు సాగదీయించాం, రోజూ నన్ను తిట్టుకుంటూనే చేశాడు. ఒకరోజు జొన్నరొట్టె తుంచుకుని తనంతట తాను నమిలాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పటి పిల్లలు మాలా పొరబడరు, పై చదువుకు పరీక్ష వేరే అని మా తమ్ముడి కూతురికి ఫోనే చెప్పేసింది. రెండు కాలేజీల్లోనూ ఒక్కో పొద్దున రోగుల బెంచీ మీద కూర్చుని చూసి రమ్మని మాత్రం చెప్పాను. చూసి వచ్చి, జనం కిక్కిరిసిన చోటే చేరతానంది, నాకు గుండె తేలికైంది. ఆ పిల్లకు ఎవరినీ ఆపి అడగాల్సిన పని లేకపోయింది, మంచిదే. జీవితమంతా డాక్టర్లకు దండం పెట్టి పక్కకు తప్పుకున్న మా బాపు మాత్రం, నా కోసం ఆ ఒక్కసారి దారికి అడ్డంగా నిలబడ్డాడు.